క్యాప్నోగ్రాఫ్ గీత అడుగుకు దిగడం లేదా? తెల్లగా ఉన్న సోడా లైమ్‌ను నమ్మకండి

రోగి గాలిలోని సీఓటూను (కార్బన్ డయాక్సైడ్) గీతగా చూపేది క్యాప్నోగ్రాఫ్; మత్తు మెషీన్‌లో ఆ సీఓటూను పీల్చుకునే గింజలు సోడా లైమ్. ఆపరేషన్ మధ్యలో ఎండ్ టైడల్ సీఓటూ (ఊపిరి వదలడం ముగిసేటప్పటి సీఓటూ) 50 ఎంఎం దాటగానే చెయ్యి నేరుగా వెంటిలేటర్ రేటు మీదికే పోతుంది. అంతకుముందు చూడాల్సిన అంకె ఆ పక్కనే ఉంటుంది: ఎఫ్ఐసీఓటూ, అంటే పీల్చే గాలిలోని సీఓటూ. అది సున్నా అయితే రేటు, టైడల్ వాల్యూమ్ (ఒక్కో ఊపిరికి వెళ్లే గాలి) చూసుకోండి. లాప్రోస్కోపీలో పొట్టలోకి ఎక్కించే సీఓటూ గ్యాస్‌ కూడా కారణమే. అది సున్నాకు దిగకుండా 4, 5 ఎంఎం దగ్గరే ఆగిపోతే మాత్రం రోగి తను వదిలిన సీఓటూనే మళ్లీ పీలుస్తున్నట్టు.

రోగి వదిలిన గాలిలోంచి సీఓటూ తీసి మళ్లీ తిప్పే సర్కిల్ సిస్టమ్‌లో ఫ్రెష్ గ్యాస్ ఫ్లోను (మెషీన్ నుంచి వచ్చే కొత్త గ్యాస్) నిమిషానికి 8-10 లీటర్లకు పెంచి చూడండి. గీత సున్నాకు దిగితే తప్పు సోడా లైమ్‌ది. దిగకపోతే గాలిని ఒకే దిక్కున పంపే వాల్వులవైపు పోవాలి.

"రంగు మారలేదు కదా" అంటారు. మోసం అక్కడే. ఇథైల్ వయొలెట్ రంగు కలిపిన సోడా లైమ్ అయిపోయాక ఊదాకు తిరుగుతుంది. రాత్రంతా వాడకుండా ఉంచితే మళ్లీ తెల్లబడుతుంది. పొద్దున మెషీన్ చెక్ చేసేవాళ్లకు కొత్తదానిలాగే ఉంటుంది. మొదటి కేసు నడుస్తుండగానే మళ్లీ ఊదా. ట్యూబ్‌లైట్ వెలుతురుకు రంగే వెలిసిపోతే ఆ హెచ్చరిక కూడా ఉండదు. అందుకే రంగు చూడాల్సింది కేసు ముగిసిన వెంటనే, మర్నాడు కాదు. అనుమానముంటే గ్లవ్స్‌తో ఒక గింజ నలపండి: కొత్తది పొడవుతుంది, అయిపోయింది రాయిలా ఉంటుంది. మార్చిన తేదీ ప్లాస్టర్ మీద రాసి డబ్బాకు అంటించండి. కొన్ని రకాల్లో రంగు గులాబీ నుంచి తెలుపుకు మారుతుంది, ప్యాక్ మీద చదువుకోండి.

బైపాస్ (సోడా లైమ్ డబ్బాను తప్పించి గ్యాస్ పోయే దారి) లేని పాత మెషీన్‌లో కేసు మధ్యలో డబ్బా విప్పకండి, వెంటిలేషన్ ఆగిపోతుంది. ఎక్కువ ఫ్లోతోనే కేసు ముగించి తర్వాత మార్చండి. ఆవిరి మందు (పీల్చే మత్తు మందు) ఎక్కువ ఖర్చవుతుంది, అంతే. నింపేటప్పుడు డబ్బాను తట్టి గింజలు సర్దండి, లేకపోతే గాలి ఖాళీల్లోంచి దారి చేసుకుని పోతుంది. గాస్కెట్ మీద ఒక్క గింజ మిగిలినా లీకే. కాబట్టి బిగించాక ఏపీఎల్ వాల్వు (అదనపు గ్యాస్ బయటికి వదిలేది), వై పీస్ (రోగి వైపు గొట్టాలు కలిసే చోటు) మూసి, ఆక్సిజన్ ఫ్లష్‌తో ప్రెషర్ 30 సెంటీమీటర్లకు (నీటి కొలతలో) తెచ్చి 10 సెకన్లు నిలుస్తుందో లేదో చూడాలి.

వాల్వుల్లో ఎక్కువగా కనిపించేది తడికి అంటుకున్న డిస్క్. ఊపిరికి ఊపిరికీ కదలకపోతే తీసి తుడిచి పెట్టండి, పగిలితే మార్చండి. బెయిన్ సర్క్యూట్ (ట్యూబులో ట్యూబు ఉండేది) అయితే లోపలి ట్యూబు ఊడిందేమో చూడండి. క్యాప్నోగ్రాఫ్‌కు గాలి తీసుకెళ్లే శాంప్లింగ్ లైన్లో నీళ్లు చేరడం కూడా మామూలే, అదీ చూడండి.

ఎఫ్ఐసీఓటూ సున్నా ఉండి, రేటు పెంచినా సీఓటూ ఎగబాకుతూ, గుండె వేగం, కండరాల బిగువు తోడైతే అది మాలిగ్నెంట్ హైపర్‌థెర్మియా (మత్తు మందులు పడక కండరాలు బిగుసుకుని ఒళ్లు వేడెక్కే ప్రాణాపాయ స్థితి) కావచ్చు: ఆవిరి మందు ఆపేసి, దానికి మందైన డాంట్రోలీన్ తెప్పించండి.