షరతు ఉన్న సంభావ్యత లెక్క మొదలుపెట్టే ముందు

ముందు షరతు ఏదో గుర్తించండి. "అయితే", "అని తెలిస్తే" అన్న మాటల ముందున్నదే షరతు. హారంలోకి వెళ్లేది అదే.

రెండు పాచికలు వేశారు. మొదటిది సరిసంఖ్య అని తెలిస్తే మొత్తం 8 అయ్యే సంభావ్యత ఎంత? ఇక మొత్తం 36 ఫలితాలు మర్చిపోండి, మొదటిది సరిసంఖ్య అయినవి 18 మిగులుతాయి. వాటిలో (2,6), (4,4), (6,2) పనికొస్తాయి: 3/18, అంటే 1/6. ప్రశ్న తిరగేసి, మొత్తం 8 అని తెలిస్తే మొదటిది సరిసంఖ్య అయ్యే సంభావ్యత అడిగితే, మొత్తం 8 వచ్చే ఫలితాలు 5, వాటిలో అవే 3: 3/5. ఎక్కువ మార్కులు పోయేది ఈ తారుమారులోనే.

పేకముక్కల లెక్కల్లో, తీసిన ముక్క తిరిగి పెట్టారా లేదా చూడండి. పెట్టకపోతే వరసగా రెండు రాజులకు 4/52 × 3/51.

"లేదా" అంటే కూడండి, ఉమ్మడి భాగం ఒకసారి తీసేయండి. పరస్పర వివర్జిత ఘటనలను (రెండూ ఒకేసారి జరగలేనివి) స్వతంత్రమనుకోవద్దు (ఒకదాని ప్రభావం రెండోదానిపై లేనివి): ఒకటి జరిగితే రెండోదాని సంభావ్యత సున్నా.

జవాబు 1 దాటిందా? కొట్టేయండి.