టెన్నిస్ సర్వ్‌లో వేగం ఎక్కువగా చేయి తిరగడంలోనే ఉంది
సర్వ్ గట్టిగా పడాలని చాలామంది మణికట్టును విదిలిస్తారు, కానీ అసలు వేగం ఎక్కువగా వచ్చేది భుజం దగ్గర పై చేయి లోపలికి గిర్రున తిరగడం వల్ల, దాంతోపాటే ముంజేయి తిరిగి అరచేయి బయటికి మళ్లడం వల్ల.

ముందు కాంటినెంటల్ గ్రిప్ నేర్చుకోండి, అంటే సుత్తి పట్టుకున్నట్టు, వదులుగా. ఫోర్‌హ్యాండ్ గ్రిప్‌తో, అంటే అరచేయి హ్యాండిల్ వెనక ఉండేలా పట్టుకుంటే రాకెట్ ముఖం హోటల్ సర్వర్ చేతిలో ట్రేలాగా ముందే ఆకాశం వైపు తెరుచుకుంటుంది, ఇక తిప్పడానికి ఏమీ మిగలదు. రాకెట్ వీపు వెనక్కి జారాక దాని అంచును బంతి వైపు పెట్టి, బంతిని నరకబోతున్నట్టే పైకి తీసుకెళ్లండి, తగిలే ముందు క్షణంలో చేయి తిరిగి తీగలు ఎదురొస్తాయి. కొట్టాక కూడా ఆపొద్దు, బొటనవేలు నేలవైపు చూడాలి.

మొదట సగం బలంతోనే కొట్టండి. భుజం నొప్పెడితే ఆ రోజుకి ఆపేయండి.