సిగ్నల్ దగ్గర క్లచ్ మీద కాలు తీసేయండి

చిన్న పెట్రోల్ కారులో సిటీ ట్రాఫిక్‌లో తిరిగేవాళ్లు చాలామంది సిగ్నల్ పడగానే ఫస్ట్ గేర్ వేసి, క్లచ్ తొక్కిపట్టి పచ్చలైటు కోసం చూస్తుంటారు. నేనూ అలాగే చేసేవాణ్ణి. అంతసేపూ రిలీజ్ బేరింగ్ (తొక్కినప్పుడు క్లచ్‌ని విడదీసే భాగం) ఊరికే అరుగుతుంది. న్యూట్రల్ చేసి కాలు తీసేయండి, ఎడమ మోకాలికీ హాయి.

అసలు దెబ్బ మాత్రం ఎత్తు మీద. ఫ్లైఓవర్ ఎక్కుతూ ఆగినప్పుడు హాఫ్ క్లచ్‌తో, అంటే క్లచ్ సగం వదిలి, బండిని నిలబెట్టొద్దు. క్లచ్ ప్లేటు కాలేది అక్కడే. ఆ మాడు వాసన ఒక్కసారి వచ్చిందంటే ఇక మర్చిపోరు! హ్యాండ్ బ్రేక్ లాగి ఉంచండి. కదిలేటప్పుడు క్లచ్ మెల్లగా వదులుతూ, బండి ముక్కు కాస్త లేచినట్టు అనిపించగానే యాక్సిలరేటర్ కొంచెం ఇచ్చి బ్రేక్ దించండి. వెనక బైకువాడు ఎంత ఆనుకుని ఉన్నా టెన్షన్ ఉండదు.