జుట్టు మార్పిడికి ముందు ఒంటిని సిద్ధం చేసుకోవడం

హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌లో తల వెనక నుంచి తీసిన వెంట్రుక కుదురు, నెత్తి ముందు భాగంలో చేసిన సన్నటి గాటులోకి చేరేసరికి దానికి ఏ రక్తనాళంతోనూ సంబంధం ఉండదు. మొదటి కొద్ది రోజులు అది చుట్టుపక్కల కణజాలం నుంచి ఊరే ద్రవంలోని ఆక్సిజన్‌తో, పోషకాలతో బతకాలి. ఆ తరువాతే కొత్త రక్తనాళాలు వచ్చి దాన్ని అల్లుకుంటాయి. శస్త్రచికిత్సకు ముందు వైద్యులు చెప్పే జాగ్రత్తలు పైకి ఒకదానితో ఒకటి పొంతన లేనట్టు కనిపించినా, వాటిలో చాలావరకు రెండే అవసరాల కోసం పుట్టినవి: నెత్తి చర్మానికి రక్తం సమృద్ధిగా అందాలి, గాటు పెట్టిన చోట రక్తం సకాలంలో ఆగాలి.

అన్నిటికంటే ముందు తేలవలసింది జుట్టు ఎందుకు రాలుతోందన్నది. వంశపారంపర్యంగా వచ్చే బట్టతలకు ఈ చికిత్స సరిపోతుంది. రక్తహీనత, థైరాయిడ్ లోపం, తీవ్రమైన జ్వరం తరువాత రెండు మూడు నెలలకు మొదలయ్యే జుట్టు రాలడం వంటివి అసలు కారణానికి మందు వాడితే సర్దుకునే అవకాశం ఉన్నవి. పేనుకొరుకుడు చురుగ్గా ఉన్నప్పుడు కుదుళ్లు నాటితే, వాటి మీద కూడా రోగనిరోధక వ్యవస్థ దాడి చేయవచ్చు. అందువల్ల చర్మవ్యాధి నిపుణుడు తలను స్వయంగా పరీక్షించకుండా, ఫొటోలు చూసి తేదీ ఖరారు చేసే చోట తొందరపడకపోవడం మేలు.

రక్తపరీక్షల్లో సాధారణంగా హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్ల సంఖ్య, రక్తం గడ్డకట్టే సమయం, షుగరు, హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ ఉంటాయి. గుండె జబ్బు ఉన్నవారికి, వయసు పైబడినవారికి ఈసీజీ కూడా తీస్తారు. షుగరు ఉన్నవారు ఆ రోజు ఉదయపు రీడింగ్ ఒక్కటే చూసుకుంటే చాలదు, ఎందుకంటే గాయం మానే తీరును గత రెండు మూడు నెలల అదుపు నిర్ణయిస్తుంది, అది హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్షలో తెలుస్తుంది. ఇక్కడ చాలామందికి తట్టని చిక్కు ఒకటి ఉంది. జుట్టు కోసమని మింగే బయోటిన్ మాత్రలు, మోతాదు ఎక్కువైతే, థైరాయిడ్ పరీక్ష ఫలితాన్ని తప్పుదోవ పట్టిస్తాయి. పరీక్షకు రెండు మూడు రోజుల ముందే వాటిని ఆపడం, వాడుతున్న సంగతి వైద్యుడికి చెప్పడం అవసరం.

మందుల విషయంలో ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. ఆస్పిరిన్ ప్లేట్‌లెట్లను శాశ్వతంగా పనిచేయకుండా చేస్తుంది. ప్లేట్‌లెట్ ఆయుష్షు 7 నుంచి 10 రోజులు కనుక, కొత్తవి తగినన్ని పుట్టేదాకా ఆ ప్రభావం పూర్తిగా పోదు. వారం పదిరోజుల ముందు ఆపాలనడం వెనక ఉన్న లెక్క ఇదే. ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్ వంటి నొప్పి మాత్రలు, విటమిన్ ఇ, చేపనూనె, జింకో అనే మూలిక, వెల్లుల్లి క్యాప్సూల్స్ కూడా రక్తస్రావాన్ని పెంచగలవు కనుక వీటినీ ముందుగానే మానమంటారు. ఈలోగా తలనొప్పి వస్తే పారాసెటమాల్ సరిపోతుంది. అయితే గుండెకు స్టెంట్ వేయించుకున్నవారు, పక్షవాతం వచ్చినవారు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్ వంటివి వాడుతున్నవారు ఒక్క మాత్రను కూడా సొంత నిర్ణయంతో ఆపకూడదు. స్టెంటులో గడ్డ కడితే ప్రాణం మీదికి వస్తుంది. బట్టతలతో ఆ ప్రమాదం లేదు. ఆపాలా, ఎన్ని రోజులు ఆపాలా అన్నది ఆ మందు రాసిన వైద్యుడే చెప్పాలి, ఆపడానికి ఆయన ఒప్పుకోకపోతే చికిత్సనే వాయిదా వేసుకోవాలి.

బీపీ మందులు మాత్రం మానరాదు, ఎందుకంటే బీపీ పెరిగితే రక్తస్రావమూ పెరుగుతుంది. చేతుల వణుకుకో, పార్శ్వపు నొప్పికో ప్రొప్రనలాల్ అనే మందు వాడుతున్నవారు ఆ సంగతి తప్పక చెప్పాలి. తలకు ఇచ్చే మత్తు ఇంజక్షన్‌లో లిగ్నోకెయిన్‌తో పాటు ఎడ్రినలిన్ కలుపుతారు. ప్రొప్రనలాల్, ఎడ్రినలిన్ కలిసినప్పుడు బీపీ ఒక్కసారిగా ఎగబాకవచ్చు. చికిత్స గంటల తరబడి సాగేది, మత్తు మళ్లీ మళ్లీ ఇచ్చేది, దాని గరిష్ఠ మోతాదును బరువును బట్టి లెక్కకట్టేది కనుక, మీ బరువు, కాలేయ వ్యాధి, గుండె లయలో తేడాలు, గతంలో పళ్ల వైద్యుడి దగ్గర మత్తు ఇంజక్షన్ ఒంటికి సరిపడకపోవడం వంటివేవీ దాచకూడదు. గాయం మానిన చోట పెద్ద మచ్చలు కట్టే ఒళ్లు ఉన్నవారు కూడా ఆ మాట ముందే చెప్పాలి.

పొగతాగేవారికి ఈ తయారీ కష్టమైనదే. నికోటిన్ సన్నటి రక్తనాళాలను బిగిస్తుంది, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది. అంటే ఊపిరి అందక కొట్టుకులాడే కొత్త కుదురుకు అందవలసిన ఆ కాస్తనూ మనమే తగ్గిస్తున్నామన్నమాట. నాటిన చోట చర్మం నల్లబడి చచ్చిపోవడం అరుదే అయినా, ఆ ముప్పు పొగతాగేవారిలో, షుగరు అదుపులో లేనివారిలో ఎక్కువ. చికిత్సకు ముందు కనీసం రెండు వారాలు, వీలైతే నాలుగు వారాలు, తరువాత కూడా అన్ని వారాలు మానాలి. నికోటిన్ గమ్, వేపింగ్‌లకు మారితే పొగ తప్పుతుంది గానీ నికోటిన్ తప్పదు. మద్యాన్ని వారం ముందు నుంచి వదిలేస్తే చాలు.

ఆహారం గురించి చెప్పుకోవలసింది తక్కువే: మాంసకృత్తులు, ఇనుము తగినంత ఉండే మామూలు భోజనం. సన్నబడాలని కడుపు మాడ్చుకునే ప్రయత్నం మాత్రం ఆ నెలల్లో వద్దు. బరువు వేగంగా తగ్గితే రెండు మూడు నెలలకు ఉన్న జుట్టే రాలుతుంది.

తలచర్మం శుభ్రంగా, మంట లేకుండా ఉండాలి. చుండ్రు, చీము పొక్కులు ఉంటే వారాల ముందే తగ్గించుకోవాలి, ఎండకు కమలనివ్వకూడదు. జుట్టు కోసం తలకు రాసే మినాక్సిడిల్‌ను కొన్ని రోజుల ముందు ఆపమనే వైద్యులు చాలామంది. బట్టతలకు మింగే ఫినాస్టరైడ్‌ను సాధారణంగా కొనసాగించమంటారు. మీకై మీరు గుండు చేయించుకోకండి. వెంట్రుకల పొడవు, మొలిచే దిశ వైద్యుడికి కనిపించాలి, పైగా వెనకనుంచి చర్మపు పట్టీ తీసే పద్ధతిలో కుట్లను కప్పడానికి ఆ జుట్టే కావాలి.

ముందు రాత్రి, ఆ ఉదయం షాంపూతో తలస్నానం చేసి, నూనె, జెల్ రాయకుండా వెళ్లాలి. స్థానికంగానే మత్తు ఇస్తే తేలికగా తిని రావచ్చు. నిద్రమత్తు కూడా ఇస్తామంటే చెప్పినన్ని గంటలు ఏమీ తినకూడదు, కనుక ముందురోజే అడిగి తెలుసుకోవాలి. కాఫీ మానండి. తల మీదుగా తొడిగే బనియన్ కాక, ముందు గుండీలున్న చొక్కా వేసుకోండి. జ్వరమో దగ్గో ఉంటే ఫోన్ చేసి వాయిదా అడగండి, దగ్గుతూ గంటల తరబడి కదలకుండా పడుకోవడం ఎవరి తరమూ కాదు. తిరిగి వచ్చేటప్పుడు బండి మీరు నడపకూడదు కనుక, వెంట ఒక మనిషిని ముందే మాట్లాడి పెట్టుకోండి.