చదివిన నవలల మధ్య చుట్టరికం కలుపుకోవడం ఎలా?

నవలలు ఇష్టంగా చదివేవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఇలా జరిగే ఉంటుంది. ఒక నవల చదువుతుంటే ఏళ్ల కిందట చదివిన ఇంకో నవల ఉన్నట్టుండి గుర్తొస్తుంది. రచయిత వేరు, కాలం వేరు, కథకీ కథకీ పోలికే లేదు. అయినా ఎక్కడో ఏదో తగిలింది. చాలాసార్లు పేజీ తిప్పేసి ఆ సంగతి మర్చిపోతాం. అక్కడ కాసేపు ఆగమని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

విమర్శకులు నవలల్ని తమ పద్ధతిలో వరస పెడతారు. ‘అసమర్థుని జీవయాత్ర’, ‘చివరకు మిగిలేది’, ‘అల్పజీవి’ మూడింటినీ మనోవైజ్ఞానిక నవలలంటూ, అంటే పాత్రల మనసులో జరిగేదే ముఖ్యమైన నవలలంటూ, ఒకచోట చేర్చడం మనకి బాగా అలవాటైన వరస. అది సరైనదే, తెలుసుకోవాల్సిందే. కానీ మీరు పెరిగిన ఇల్లు, చేసిన ఉద్యోగం, పోగొట్టుకున్న మనుషులు చెప్పే వరస ఇంకొకటి ఉంటుంది. దాన్ని మీ బదులు ఎవరూ వెతికిపెట్టలేరు. కొత్తగా పరిచయమైనవాళ్లతో ‘మీది ఏ ఊరు, ఎవరి తాలూకు’ అని అడుగుతూ అడుగుతూ చుట్టరికం కలుపుకుంటాం కదా, నవలల దగ్గర కూడా అలాగే అడుగుతూ పోవాలి.

ముందు పుస్తకం చూడకుండా రాయండి

ఒక నోటుబుక్ తీసుకోండి. ఫోన్‌లో రాసుకున్నా ఫర్వాలేదు కానీ, పేజీలు పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి కాగితమే వీలు. పుస్తకాల బీరువా దగ్గరకి వెళ్లకండి. గుర్తున్న నవలల పేర్లు పదో పన్నెండో రాసి, ఒక్కోదాని కింద రెండు మూడు వాక్యాలు రాయండి.

కథ రాయొద్దు. మీకు మిగిలింది రాయండి. ఒక సన్నివేశం, ఒక మనిషి నడిచే తీరు, ఒక గది, ఒక వస్తువు, చదివాక తగ్గని కోపం, ఏదైనా సరే. ‘మారుతున్న సమాజానికి అద్దం పట్టిన నవల’ అని రాశారంటే అది ముందుమాట నుంచో వెనక అట్ట మీద నుంచో వచ్చిన మాట. కొట్టేసి మళ్లీ రాయండి. పాత్ర పేరు గుర్తు రాకపోతే ‘ఆ గుమాస్తా’, ‘ఆ పెద్దకోడలు’ అని రాసుకున్నా చాలు. అసలేమీ గుర్తు రాని నవలని ఈసారికి వదిలేయండి.

ఆ పుస్తకం మీ చేతికి ఎలా వచ్చిందో పక్కనే రాయండి

మన ఇళ్లలో నవలలు రకరకాల దారుల్లో వచ్చేవి. వారపత్రికల్లో వచ్చే సీరియల్ పేజీలు వారం వారం చింపి దాచి, అయిపోయాక బైండు చేయించిన అమ్మలూ పిన్నులూ ఎంతమందో! శాఖా గ్రంథాలయంలో తెచ్చుకున్నవి, హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికినవి, విజయవాడ పుస్తకాల పండగలో కొన్నవి, స్నేహితులు ఇచ్చి మళ్లీ అడగనివి ఉంటాయి. అప్పుడు మీ వయసెంత, ఏ ఊళ్లో ఉన్నారు, పుస్తకం ఎవరిచ్చారు, ఇంట్లో అప్పుడేం జరుగుతోంది అన్నవి గుర్తున్నంత మేరకు రాయండి.

ఇది ఎందుకంటే, రెండు నవలలు కలిసి గుర్తుకు రావడానికి ఒక్కోసారి కారణం ఆ నవలల్లో ఉండదు. రెండూ ఒకే హాస్టల్ గదిలో, ఒకే దిగులులో చదివి ఉంటారు. అది కూడా నిజమైన బంధమే. కాకపోతే అది పుస్తకం ఇచ్చిందా, ఆ రోజులు ఇచ్చాయా అన్నది విడదీసి చూడగలగాలి. ముందే రాసుకుంటే ఆ తేడా తెలుస్తుంది.

రెండేసి చొప్పున పక్కన పెట్టి ప్రశ్నలు అడగండి

అసలు పని ఇక్కడుంది. దీనికి తొందర పనికిరాదు, ఒక్క జతకి ఒక సాయంత్రం పట్టినా పట్టనివ్వండి.

జాబితాలోంచి ఏ మాత్రం పోలిక లేవనిపించే రెండు నవలలు తీసుకోండి. ‘రెండింటి ఇతివృత్తం ఏమిటి’ అని అడగకండి. అలా అడిగితే పరీక్ష పేపర్‌కి జవాబు రాసినట్టే వస్తుంది. ఇలాంటివి అడగండి: ఇందులో ఎవరు ఎవరికి బాకీ పడ్డారు? ఇల్లు వదిలి వెళ్లింది ఎవరు, ఉండిపోయింది ఎవరు? డబ్బు ఎవరి చేతిలో ఉంది? చెప్పాల్సిన మాట ఎవరు దాచారు? నేను ఎవరి పక్షాన ఉన్నాను, ఆ పక్షం ఎందుకు తీసుకున్నాను?

ఒక ఉదాహరణ చూద్దాం. ‘బారిష్టర్ పార్వతీశం’ మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రాడు బారిష్టరీ చదవడానికి ఓడెక్కి వెళ్లడం దాని కథ. చదివినవాళ్లు నవ్వుకుంటూనే గుర్తు చేసుకుంటారు. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ నిజాం కాలపు తెలంగాణ పల్లె కథ. బతుకుతెరువు వెతుక్కుంటూ సారంగపాణి అనే సంగీత విద్వాంసుడు ఆంధ్ర ప్రాంతం నుంచి ఆ ఊరికి వస్తాడు. దేశ్‌ముఖ్‌లనే భూస్వాముల పెత్తనం, వెట్టిచాకిరీ కళ్లారా చూస్తాడు. ఒకటి హాస్యం, ఇంకోటి బాధ. మామూలుగా ఈ రెండింటినీ ఎవరూ కలిపి మాట్లాడరు. కానీ పద్ధతులు తెలియని చోట అడుగుపెట్టిన మనిషి రెండింట్లోనూ ఉన్నాడు. చదువుకో ఉద్యోగానికో ఊరు దాటి, ఎక్కడ ఎలా ఉండాలో తెలియక టెన్షన్ పడ్డ పాఠకుడికి ఇది వెంటనే తగులుతుంది. పార్వతీశానికి తెలియనితనం వల్ల జరిగే నష్టం చాలావరకు నవ్వులపాలు కావడం. సారంగపాణి చూసే ఊళ్లో నోరెత్తినవాళ్లకి దక్కేది దెబ్బలు. కొత్తచోట నాకు కలిగిన భయం ఈ రెండింటిలో దేనికి దగ్గర? ఆ ప్రశ్న దగ్గరకి వచ్చారంటే చుట్టరికం కలిసినట్టే.

నా వరస కూడా చెబుతాను. మా ఇంట్లో నేనే పెద్దదాన్ని. ఉద్యోగం వచ్చిన మొదటి నెల నుంచి జీతంలో కొంత ఇంటికి వెళ్లేది. అది ఇష్టంగానే చేశాను, బరువుగానూ అనిపించింది. డాక్టర్ పి. శ్రీదేవి 1958 నాటి నవల ‘కాలాతీత వ్యక్తులు’లో ఇందిర నాకు అందుకే అంత దగ్గరైంది. సంపాదన ఆమెది, ఆధారపడ్డవాడు తండ్రి. ఆమెని స్వార్థపరురాలనే పాఠకులు చాలామంది ఉన్నారు. నేను మాత్రం ఆమె పక్షాన వాదించకుండా ఉండలేను. ఆ ఇందిరని పక్కన పెట్టుకుని మిగతా నవలలు చూస్తే వరస మారిపోయింది. ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావుకి తండ్రి వదిలి వెళ్లింది వంశప్రతిష్ఠ. ‘చివరకు మిగిలేది’లో దయానిధికి తల్లి గురించి లోకం అనుకునే మాట వెంటపడి వస్తుంది. ‘మట్టిమనిషి’లో సాంబయ్య చెమటోడ్చి కూడబెట్టిన పొలం మీద కొడుక్కీ కోడలికీ ఆ మమకారం లేదు. ప్రతిష్ఠ, నింద, పొలం, ఇంకా బతికే ఉన్న తండ్రి. నాలుగిట్లోనూ నేను వెతుక్కున్న ప్రశ్న ఒక్కటే: ఇంటివాళ్లు మన మీద పెట్టినదాన్ని ఎంతవరకు మోయాలి? విమర్శకుల వరసలో ఈ నాలుగూ కలిసి కూర్చోవు. నా వరసలో పక్కపక్కనే ఉన్నాయి.

పలచని పోలికల్ని తీసేయండి

‘రెండు నవలల్లోనూ ఆడవాళ్ల కష్టాలున్నాయి’, ‘రెండూ మనిషి ఒంటరితనం గురించి’ లాంటివి ఏ రెండు నవలలకైనా సరిపోతాయి. మీరు రాసుకున్న వాక్యంలోంచి ఆ పేర్లు తీసేసి వేరే రెండు నవలల పేర్లు పెట్టి చూడండి. వాక్యం చెక్కుచెదరకుండా నిలబడితే అందులో ఆ పుస్తకాల ప్రమేయమూ లేదు, మీ ప్రమేయమూ లేదు. ఫలానా గది, ఫలానా మాట, ఫలానా నిర్ణయం పేరు పెట్టి చెప్పగలిగేదాకా బిగించండి.

మళ్లీ పుస్తకం తెరవండి

ఇప్పుడు బీరువా దగ్గరకి వెళ్లొచ్చు. నవలంతా చదవక్కర్లేదు. మీకు గుర్తున్న సన్నివేశం ఎక్కడుందో వెతికి, ముందు ఇరవై పేజీలు, వెనక ఇరవై పేజీలు చదవండి. జ్ఞాపకం కథని తనకి కావలసినట్టు సర్దుకుంటుంది. పాత్ర అనని మాటలు అన్నట్టు గుర్తుండటం అందరికీ జరిగేదే. పుస్తకంలో వేరేగా ఉంటే బాధపడకండి. ఆ తేడా రాసుకోండి, మీరు ఎందుకు అలా మార్చుకున్నారో ఆలోచించండి. వెతకాల్సిన సంగతి ఒక్కోసారి ఆ మార్పులోనే దొరుకుతుంది.

ఇంకో పని కూడా చేయండి. పోలిక ఎక్కడ తెగిపోతుందో రాయండి. ఇందిరకి జీతం ఉంది, ఎదురు మాట్లాడే నోరు ఉంది. సీతారామారావుకి ఆ నోరు లోపలికే తిరిగింది, తనని తానే తినేస్తాడు. ఈ తేడా చూడకుండా ఇద్దరూ ఒకటే అనేస్తే ఇద్దరికీ అన్యాయం చేసినట్టు. పుస్తకం మొదట్లో ‘ప్రథమ ముద్రణ’ అని ఉన్న సంవత్సరం కూడా చూసుకోండి. ఆడపిల్ల ఉద్యోగం చేసి ఇల్లు నడపడం 1958లో ఎలాంటి సంగతో, ఇవాళ ఎలాంటి సంగతో గుర్తు పెట్టుకుని చదివితే మన బాధని ఆ పాత్రకి తొడిగేయకుండా ఉంటాం. పాత్ర బతుకు పాత్రది. మనకి తగిలింది మనది. రెండూ కనబడేలా చదవాలని నా గట్టి నమ్మకం.

నచ్చని నవలల్ని వదలకండి

సగంలో మూసేసినవి, చదివి విసుక్కున్నవి కూడా జాబితాలో చేర్చండి. ఒకే రకమైన పాత్ర మీద మళ్లీ మళ్లీ కోపం వస్తోందా? అందరినీ భరించే కోడలా, మాట మీద నిలబడని కొడుకా, ఎప్పుడూ తానే గెలిచే హీరోనా? ఇష్టమైనవాటి కంటే ఇవి త్వరగా వరస చెబుతాయి.

మరొకరి వరస వినండి

ఇంట్లో చదివే పెద్దవాళ్లుంటే ఒకరిని అడగండి. ‘ఏ నవల నచ్చింది’ అని అడిగితే పేరు చెప్పి ఊరుకుంటారు. ‘అమ్మా, అది చదివేటప్పుడు నీకు ఎవరు గుర్తొచ్చారు’ అని అడిగి చూడండి. వారం వారం సీరియల్ కోసం ఎదురుచూసి చదివినవాళ్లకి ఆ పాత్రలు నెలల తరబడి ఇంట్లో తిరిగిన మనుషులు. వాళ్లు చెప్పేది మధ్యలో సరిదిద్దకండి, విని రాసుకోండి.

తర్వాతి నవలని ఈ ప్రశ్నతోనే ఎంచుకోండి

వరస దొరికాక తర్వాత ఏం చదవాలన్నది అంత కష్టం కాదు. మీ ప్రశ్నకి దగ్గరగా ఉండి, మీ ఊరికీ కాలానికీ దూరంగా ఉన్న పుస్తకం తీసుకోండి. నా ప్రశ్న పట్టుకుని వెళ్తే ‘ఏడు తరాలు’ దగ్గర ఆగుతాను. అలెక్స్ హేలీ 1976లో ఇంగ్లీషులో రాసిన పుస్తకానికి సహవాసి తెలుగు చేసింది ఇది. ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చి బానిసగా అమ్మిన కుంటా కింటే దగ్గర కూతురికి ఇవ్వడానికి పొలం లేదు, ప్రతిష్ఠ లేదు. చివరికి తన పేరు కూడా యజమానులు మార్చేశారు. తన భాషలోని కొన్ని మాటలు నేర్పుతాడు. కూతురు కిజీ వాటిని తన కొడుక్కి చెబుతుంది. సీతారామారావు మోయలేకపోయినదాన్నీ, కిజీ పట్టుబట్టి దాచుకున్నదాన్నీ పక్కపక్కన పెట్టి నోటుబుక్‌లో కొత్త పేజీ మొదలుపెట్టొచ్చు.