పాత జంట గొట్టాల తుపాకీ: కీలు దగ్గర దాగిన వదులు

దుకాణంలో చేతికి తీసుకున్నప్పుడు తుపాకీ గట్టిగా మూసుకుంటుంది, బ్యారెళ్ల లోపలి భాగం అద్దంలా మెరుస్తుంది, తుపాకీని తెరిచే పై మీట సరిగ్గా తన చోటికి వచ్చి ఆగుతుంది. ఇంటికి తెచ్చి ఇరవై ముప్పై తూటాలు పేల్చాక, మూసి ఉన్న తుపాకీని కాస్త కదిపితే లోపల ఎక్కడో 'టక్'మని చప్పుడు వినిపించడం మొదలవుతుంది. ఈ ఫిర్యాదుతో నా దగ్గరికి వచ్చిన తుపాకులలో చాలావాటికి జబ్బు కొన్న రోజు నుంచే ఉంది. రెండు నిమిషాల పరీక్ష చేయకుండా డబ్బు చెల్లించడం వల్లనే అది బయటపడలేదు.

ముందుగా ఆ పరీక్ష సంగతి చెబుతాను. తుపాకీ ఖాళీగా ఉందని చూసుకున్న తరువాత బ్యారెళ్ల కింద ఉండే ముందు చెక్కను పూర్తిగా తీసి పక్కన పెట్టండి. బ్యారెళ్లను విడదీసి, కీలు పిన్నునూ, బ్యారెళ్ల అడుగున ఆ పిన్నును పట్టుకునే కొక్కేన్నీ ద్రావకంలో తడిపిన గుడ్డతో జిడ్డు లేకుండా తుడవండి. మళ్లీ బిగించి, ముందు చెక్క లేకుండానే మూసి, కర్ర భాగాన్ని చంక కింద గట్టిగా ఇరికించి పట్టుకుని, బ్యారెళ్లను పక్కలకూ పైకీ కిందికీ కదిపి చూడండి. తరువాత వెలుతురుకు ఎదురుగా పట్టి, బ్యారెళ్ల వెనుక అంచుకూ తూటా అడుగు ఆనుకునే ఉక్కు ముఖానికీ మధ్య సన్నని వెలుగు గీత కనబడుతుందేమో పరిశీలించండి. కదలిక గానీ వెలుగు గానీ ఉంటే కీలు అరిగింది. దీనిలో సందేహానికి తావు లేదు.

ముందు చెక్కను ఎందుకు తీయాలంటే, ఆ చెక్కలోని ఇనుప భాగం బ్యారెళ్లను వెనక్కి నొక్కిపట్టి ఉంచుతుంది. కీలు ఎంత అరిగినా ఆ ఒత్తిడి వల్ల చేతికి వదులు తెలియదు. జిడ్డును ఎందుకు తుడవాలంటే, కీలులో చిక్కటి గ్రీజు నింపి ఉంటే అది కదలికను మెత్తగా మింగేస్తుంది. ఈ రెండు పనులూ చేయకుండా 'బిగుతుగానే ఉంది' అని చెప్పేవారి మాటకు నేను విలువ ఇవ్వను.

కారణం ఎక్కడ ఉంటుంది

తూటా పేలినప్పుడు దాని అడుగు ఉక్కు ముఖాన్ని వెనక్కి నెడుతుంది, అదే సమయంలో బ్యారెళ్లు ముందుకు జరగాలని చూస్తాయి. ఆ లాగుడంతా కొక్కెం, కీలు పిన్ను కలుసుకునే అర్ధవృత్తాకారపు ఉపరితలం మీదే పడుతుంది. 1863లో లండన్ తుపాకీ తయారీదారు పర్డీ పేటెంటు పొందిన కింది బోల్టు (మూసిన బ్యారెళ్లను అడుగున పట్టి ఉంచే గడియ) ఉన్న తుపాకీ అయినా, 1875లో ఆన్సన్, డీలీలు రూపొందించిన పేల్చే యంత్రాంగం మీద తయారైనదైనా ఈ సూత్రంలో తేడా లేదు. బోల్టు చేసేది బ్యారెళ్లు పైకి లేవకుండా ఆపడం మాత్రమే. వాటిని వెనుక ముఖానికి హత్తి ఉంచే పని కీలుది. ఈ తేడా తెలియక చాలామంది బోల్టునే అనుమానిస్తారు, దానిమీదే ఖర్చు పెడతారు. పై మీట మధ్యగీతకు ఎడమవైపు వరకు జరిగి ఆగుతుంటే బోల్టు అరిగిందన్నది నిజమే. కాని బోల్టును కొత్తదానిలా మార్చినా బ్యారెళ్ల వెనుక ఖాళీ అలాగే మిగిలి ఉంటుంది.

ఆ ఖాళీ వల్ల జరిగేదేమిటంటే, పేలిన తూటా వెనక్కి జరగడానికి చోటు దొరుకుతుంది. పేలిన డొల్ల అంచు దగ్గర ఉబ్బి కనబడడం, ప్రైమరు (తూటా అడుగున మందును అంటించే చిన్న టోపీ) బయటికి పొడుచుకు రావడం, తుపాకీ పేల్చిన వెంటనే తెరవడానికి బిగుసుకోవడం, ఇవన్నీ దీని గుర్తులే కావచ్చు.

నన్ను మోసగించిన మరమ్మతు

కీలు అరగడం దాచిపెట్టగలిగే విషయం కాదని నేను చాలాకాలం నమ్మాను. ఒకసారి పైన చెప్పిన పరీక్ష పూర్తిగా చేసి, ముందు చెక్క లేకుండా కూడా బిగుతుగా ఉన్న ఒక తుపాకీని నిశ్చింతగా తీసుకున్నాను. రెండో వారానికి వదులు వచ్చింది. విడదీసి భూతద్దం కింద చూస్తే, కొక్కెం లోపలి వంపుకు వెంట్రుక మందం కూడా లేని ఇత్తడి రేకు అతికించి ఉంది. నాలుగైదు పదుల పేలుళ్లకు అది నలిగి పక్కలకు సాగిపోయింది. అప్పటి నుంచి వదులు లేదని తేలిన తుపాకీకి కూడా కొక్కెం వంపును చూడకుండా వదలను.

రేకు కన్నా ఎక్కువగా కనబడేది సుత్తిదెబ్బ. కొక్కెం పక్కలను పంచుతో కొట్టి, లోహాన్ని లోపలికి పొంగించి, పిన్నును బిగుతుగా పట్టేటట్లు చేస్తారు. అలా పొంగిన అంచు సన్నని గట్టులాంటిది. మొత్తం వంపు మీద పడవలసిన భారం ఆ గట్టు మీదే పడి త్వరలోనే అరుగుతుంది, ఈసారి పిన్నును కూడా గీసి పాడుచేస్తుంది. గుర్తించడం కష్టం కాదు. జిడ్డు తుడిచిన కొక్కెం పక్కలను ఏటవాలు వెలుతురులో చూడండి: వరుసగా చిన్న గుంటలు, తాజాగా మెరిసే చారలు, వంపు అంచున పలచగా పొంగిన పెదవి వంటి లోహం కనబడతాయి. చుట్టూ పాతకాలపు నల్లదనం ఉండి, ఆ ఒక్క చోటే తెల్లగా ఉంటే ఎవరో చేయి పెట్టారని అర్థం. ఇలాంటిది బేరంలోనే బయటపెట్టి, అసలు మరమ్మతుకు అయ్యే ఖర్చును ధరలో తగ్గించుకోవాలి, లేదా వదిలి వెళ్లిపోవాలి.

సరైన మరమ్మతుకు రెండు దారులు. పిన్ను విడిగా తీయడానికి వీలున్న యాక్షన్ (కీలు, ఉక్కు ముఖం ఉండే లోహపు దిమ్మ) అయితే, కొద్దిగా లావైన కొత్త పిన్ను వేసి కొక్కేన్ని దానికి సరిపోయేలా పని చేస్తారు. పిన్ను యాక్షన్‌లో భాగంగా ఉంటే, కొక్కెం వంపుకు వెల్డింగుతో లోహం పెంచడమో, అక్కడ ఒక ముక్కను చెక్కి అమర్చడమో చేసి, దాన్ని చేతి ఆకురాయితో తీరుస్తారు. ఏ దారి అయినా చివరి పరీక్ష ఒకటే: దీపపు మసిని ఉక్కు ముఖానికీ కీలు పిన్నుకూ పలచగా పట్టించి, తుపాకీని మూసి తెరిచి, మసి ఎక్కడ అంటిందో చూసి, అంటిన చోట మాత్రమే తీసివేస్తూ, రెండు బ్యారెళ్ల వెనుక అంచులూ ముఖానికి సమంగా ఆనే వరకు మళ్లీ మళ్లీ చేయాలి. ఇది గంటలు పట్టే పని. ఒక మధ్యాహ్నంలో చేసి ఇస్తాననే వారికి తుపాకీ అప్పగించకండి. వెల్డింగు వేడి చాంబరు (బ్యారెల్ వెనుక తూటా కూర్చునే చోటు) గోడలకు చేరకుండా చూడడం అనుభవం ఉన్న తుపాకీ పనివాడికే సాధ్యం కాబట్టి, ఇంట్లో ప్రయత్నించే పని కాదిది. ముగిసిన తరువాత ప్రూఫ్ పరీక్ష (ఎక్కువ ఒత్తిడితో పేల్చి బలం చూసే అధికారిక పరీక్ష) చేయించకుండా పేల్చకూడదు.

మెరిసే బ్యారెళ్లు

లోపలి మెరుపు చూసి సంతోషించే ముందు గోడ మందం కొలవండి. గుంటలు పోయే వరకు లోపలిని రాపిడి చేస్తే మెరుపు వస్తుంది, గోడ తరుగుతుంది. 1954కు ముందు ప్రూఫ్ ముద్ర పడిన బ్రిటిష్ తుపాకీ మీద 12 అని ఉంటే రంధ్రం వ్యాసం 0.729 అంగుళం, 13/1 అని ఉంటే 0.719 అంగుళం. వెనుక నుంచి 9 అంగుళాల దగ్గర మీరు కొలిచినది ముద్రకన్నా బాగా ఎక్కువ ఉంటే లోహం ఎక్కడికో పోయినట్లే. రంధ్రం కొలిచే గేజీ ఒక్కటే సరిపోదు, గోడ మందం కొలిచే గేజీ కూడా కావాలి. సన్నని చోట 0.020 అంగుళం, అంటే సుమారు అర మిల్లీమీటరు కన్నా తక్కువ ఉన్న తుపాకీని నేను పేల్చడానికి తీసుకోను.

తూటా సరిపోతున్నట్లే ఉంటుంది

పాత చాంబర్లలో చాలావాటి పొడవు 65 మి.మీ. నేటి 70 మి.మీ. తూటా మూతి మడత వేసి ఉన్నప్పుడు వాటిలో చక్కగా పడుతుంది, తుపాకీ మూసుకుంటుంది. ఆ 70 మి.మీ. కొలత పేలి మడత విడిన తరువాతది. విడిన అంచు చాంబరు ముందరి సన్నబారే చోట ఇరుక్కుని ఒత్తిడి పెరుగుతుంది. కాబట్టి చాంబరు గేజీతో కొలవడం తప్పనిసరి. 'ఎన్నేళ్లుగానో వాడుతున్నారు' అన్న మాట కొలతకు బదులు కాదు.

మిగిలినవి

కొక్కెం పట్టుకుని వేలాడదీసిన బ్యారెళ్లను వేలి గోటితో తడితే గంటలా మోగాలి. బొంగురుగా పలికితే రెండు బ్యారెళ్లనూ కలిపే మధ్య పట్టీల టంకం విడిపోయింది. ఒక ట్రిగ్గరు నొక్కితే రెండు బ్యారెళ్లూ పేలుతున్నాయంటే సియర్ గంట్లు (ట్రిగ్గరు నొక్కే వరకు సుత్తిని ఆపి ఉంచే గాట్లు) అరిగి ఉండవచ్చు, లేదా కుంగిన కర్ర లోపలి భాగాలను నొక్కుతూ ఉండవచ్చు. గంట్లకు ఆకురాయి తగిలించకండి, పైనున్న గట్టి పొర ఒకసారి పోతే తిరిగి రాదు. ప్రైమరు మీద గుర్తు లోతుగా పడకపోతే స్ప్రింగును తప్పుపట్టే ముందు గడ్డకట్టిన పాత నూనెను కడిగి చూడండి. పదిలో తొమ్మిదిసార్లు అదే.

కర్ర తల భాగం నల్లబడి మెత్తబడితే, నూనె పోసి నిటారుగా నిలబెట్టిన ఏళ్ల ఫలితమది. సుద్దపొడిని ఆవిరైపోయే ద్రావకంతో కలిపి పూసి, ఎండనిచ్చి, దులిపి, నూనె మరక రావడం ఆగే వరకు మళ్లీ పూయాలి. తరువాత తుపాకీని మూతి కిందికి ఉండేలా నిలబెట్టండి.