తొలకరికి ముందే: చేతికొచ్చిన పాత మీడియం ఫార్మాట్ కెమెరాకు తీసుకోవలసిన జాగ్రత్తలు

రోహిణి కార్తె ఎండల్లో మీ చేతికి ఒక పాత మీడియం ఫార్మాట్ కెమెరా (మామూలు 35 మి.మీ. రీలుకన్నా వెడల్పయిన రీలు వాడేది) వచ్చిందంటే, అది మూతపడిన స్టూడియో నుంచి వచ్చినా, తాతగారి బీరువాలో దొరికినా, జపాను నుంచి పార్శిలులో దిగినా, దాన్ని సరిచూసుకోవడానికి మీకున్న వ్యవధి మహా అయితే రెండు వారాలు. జూన్ 7, 8 తేదీల్లో మృగశిర ప్రవేశిస్తుంది, కాలువలకు నీళ్ళు వస్తాయి, ఆకుమళ్ళు తడుస్తాయి. అక్కడి నుంచి కార్తికం దాకా అమలాపురంలో గానీ, రాజోలులో గానీ, నరసాపురం, భీమవరం వైపు గానీ ఇంట్లో గాలి పూర్తిగా ఆరడమంటూ ఉండదు. పొడి గాలి ఉన్న ఊళ్ళలో పదేళ్ళు పెట్టెలో పడి ఉన్నా చెక్కుచెదరని లెన్సు మన డెల్టాలో ఒక్క వానాకాలానికే బూజు పట్టగలదు. అందుకే కెమెరాలోని లోపాలన్నీ ఈ ఎండల్లోనే బయటపడాలి, దాన్ని దాచే చోటు కూడా ఈ ఎండల్లోనే సిద్ధం కావాలి.

ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. నా మొదటి ట్విన్ లెన్స్ కెమెరాను (చూడటానికి పైన ఒకటి, బొమ్మ తీయడానికి కింద ఒకటి రెండు లెన్సులున్నది) దాని తోలు సంచిలోనే భద్రంగా పెట్టి, ఆషాఢంలో బీరువాలో దాచి, దసరాకు బయటికి తీశాను. పైకి అద్దం తళతళలాడుతూనే ఉంది. టార్చి వేసి చూస్తే లోపలి అద్దం అంచు నుంచి మధ్యకు సాలెపోగులకన్నా సన్నని తెల్లని పోగులు కొమ్మలు కొమ్మలుగా పాకి ఉన్నాయి. ఆ లెన్సును విప్పించి తుడిపించాను గానీ, బూజు ఉన్నచోట అద్దం మీది పూత అప్పటికే తినేసి ఉంది. ఆ మచ్చలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

కాబట్టి మొదటి పరీక్ష లెన్సుకే చేయాలి. కెమెరా వెనక తలుపు తీసి, షట్టరు వేగాన్ని బి (నొక్కినంతసేపూ షట్టరు తెరిచి ఉండే గుర్తు) దగ్గర పెట్టి, అపెర్చరును, అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రాన్ని పూర్తిగా తెరిచి, మీట నొక్కి పట్టుకుని ముందు నుంచి టార్చి వెలుగు వేయండి. వెలుగుకు ఎదురుగా కాకుండా కొంచెం ఏటవాలుగా చూస్తేనే పోగులు, పొగమంచు వంటి మసక, నూనె మరకలు కనబడతాయి. ట్విన్ లెన్స్ కెమెరా అయితే పై లెన్సును కూడా చూడాలి. బొమ్మ దానిలోంచి పడదు నిజమే, కానీ అక్కడ మొదలైన బూజుకు కింది లెన్సు ఎంతో దూరంలో ఉండదు. బూజు కనబడితే మీరు స్క్రూలు విప్పవద్దు, అనుభవమున్న మెకానిక్కుకు ఇవ్వండి. అంతవరకు ఆ కెమెరాను మిగిలిన లెన్సులతో ఒకే డబ్బాలో పెట్టవద్దు. పై అద్దాన్ని లుంగీ అంచుతోనో జేబురుమాలుతోనో తుడవడం మానుకోవాలి. మన ఇసుక దుమ్ము అద్దాన్ని గీస్తుంది. ముందు గాలి బుడ్డితో ఊది, ఆ తరువాతే మెత్తని లెన్సు గుడ్డ తాకించాలి.

రెండవది షట్టరు. నాకు కెమెరా అమ్మిన పెద్దాయన నలభై ఏళ్ళు స్టూడియో నడిపిన మనిషి. డబ్బులు లెక్కపెట్టుకోకముందే ఆయన కెమెరా నా చెవి దగ్గర పెట్టి, "రీలు పెట్టకముందు చెవి పెట్టి వినండి బాబూ, గడియారంలాగే ఉంటదండి ఇది" అన్నాడు. ఒక సెకను వేగం పెట్టి మీట నొక్కితే లోపలి పళ్ళచక్రాలు సన్నగా, ఎక్కడా తడబడకుండా జుయ్యిమని తిరిగి టక్కున ఆగాలి. ఆ చప్పుడు మధ్యలో నీరసించినా, రెండు మూడు సెకన్లు సాగినా, లోపలి నూనె చిక్కబడిందని అర్థం. 1/60, 1/125 వేగాలు బాగానే ఉండి, ఈ నెమ్మది వేగాలు మాత్రమే మొరాయించడం పాత కెమెరాలలో తరచూ ఉన్నదే, దానికి బెంగపడనక్కరలేదు; సర్వీసు చేయించేదాకా ఆ వేగాలు వాడకుండా ఉంటే చాలు.

బలం ఉపయోగించడం మాత్రం ఎన్నటికీ కూడదు. పాత కాంపూర్ ర్యాపిడ్ షట్టర్లలో అన్నిటికన్నా ఎక్కువ వేగానికి అదనంగా ఒక స్ప్రింగు ఉంటుంది కనుక, ఆ వేగాన్ని షట్టరు ఎక్కించకముందే, అంటే స్ప్రింగు బిగించి నొక్కడానికి సిద్ధం చేయకముందే పెట్టాలి. ఎక్కించాక తిప్పబోతే లోపలి భాగాలు దెబ్బతింటాయి. సెల్ఫ్ టైమరు మీటను అసలు తాకకపోవడం మంచిది. ఏళ్ళ తరబడి కదలని ఆ చిన్న యంత్రం సగంలో ఆగిందంటే షట్టరు మొత్తం బిగుసుకుపోతుంది. 1957లో వచ్చిన హాసెల్‌బ్లాడ్ 500సి, దాని తరువాతి 500సి/ఎం వంటివి మీ చేతికి వచ్చి ఉంటే, లెన్సును ఊడదీసేటప్పుడూ తిరిగి పెట్టేటప్పుడూ బాడీ, లెన్సు రెండూ ఎక్కించి ఉన్న స్థితిలోనే ఉండాలి. వెనక రీలు పెట్టెకు అడ్డుగా ఉండే డార్క్ స్లయిడ్ తీయకపోతే మీట నొక్కుడుపడదు. అది లోపం కాదు, కాపుదల.

వెనక తలుపు అంచుల్లో నల్లటి స్పాంజి ఉన్న కెమెరాల్లో, ముఖ్యంగా డెబ్బయ్యవ దశకం నాటి జపాను కెమెరాల్లో, ఆ స్పాంజి మన వేడికి తారులాంటి జిగురుగా మారి ఉంటుంది. వేలితో తాకితే నల్లగా అంటుకుంటుంది. దాన్ని అగ్గిపుల్లకు చుట్టిన దూదితో, ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్ది, షట్టరు వైపు చుక్క కూడా పడకుండా తుడిచి కొత్త స్పాంజి అంటించాలి. మడత కెమెరా అయితే రాత్రి దీపాలన్నీ ఆర్పి, తిత్తి లోపల టార్చి పెట్టి మూలలు చూడండి. సూదిబెజ్జమంత వెలుగు బయటికి వచ్చినా మధ్యాహ్నపు ఎండలో నెగెటివ్ మీద అది మచ్చయి కూర్చుంటుంది.

యాషికా మ్యాట్ 124జి వంటి వాటిలోని లైట్ మీటరు 1.35 వోల్టుల పాదరసపు సెల్లు కోసం చేసినది. ఆ సెల్లులు ఇప్పుడు తయారు కావడం లేదు. వాటి స్థానంలో 1.5 వోల్టుల సెల్లు వేస్తే ముల్లు కదులుతుంది గానీ చెప్పేది తప్పు. వినికిడి యంత్రాలకు వాడే 675 రకం సెల్లు ఆ వోల్టేజికి దగ్గరగా ఉంటుంది. మీటరు మాట నమ్మేముందు ఫోనులోని లైట్ మీటరుతోనో, పాత లెక్కతోనో సరిచూడండి: నిండు ఎండలో అపెర్చరు 16, వేగం రీలు ఐఎస్ఓ (వెలుగును పట్టే శక్తి) అంకెకు దగ్గరది. మబ్బు దట్టంగా కమ్మిన శ్రావణపు పగటికి అదే వేగం మీద 5.6 దాకా తెరవాలి. అంతర్వేది ఇసుకలో ఎండ మరీ ఎక్కువగా ఎగజిమ్ముతుంది కనుక 22కు మూయవచ్చు.

ఇక రీలు. 1901 నుంచి వస్తున్న 120 రీలే ఇప్పటికీ దుకాణంలో దొరుకుతుంది. 6×6 సెంటీమీటర్ల చట్రంలో దానికి పన్నెండు బొమ్మలు. అయితే మీ కెమెరా 620 అని రాసి ఉన్న పాత కొడాక్ రకమైతే ఫిల్ము అదే గానీ కండె సన్నం, 120 రీలు అందులో సరిగా ఇమడదు. ఫిల్మును చీకట్లో వేరే కండెకు చుట్టవలసి వస్తుంది. ఏ రకమైనా లోపల ఒక ఖాళీ కండె ఉందో లేదో చూసుకోండి. రీలు అయిపోయాక మిగిలే ఖాళీ కండెను పారేయకండి, వచ్చే రీలు చుట్టుకునేది దానికే.

మొదటి రీలు పెట్టేముందు, వాడేసిన రీలులో ఫిల్ము వెనక చుట్టి ఉండే కాగితాన్ని ఏదైనా స్టూడియోలో అడిగి తెచ్చుకుని, దానితో పదిసార్లయినా ఎక్కించి దింపడం సాధన చేయాలి. ఈ ఒక్క సలహాను పాటించకపోవడం వల్లనే చాలామంది మొదటి రీలు పోగొట్టుకుంటున్నారు. కాగితం ముక్కును ఖాళీ కండె చీలికలో నిటారుగా దూర్చి, ఒకటి రెండు చుట్లు తిప్పి, కాగితం మీది బాణం గుర్తు కెమెరా లోపలి గుర్తుల ఎదురుకు వచ్చాక ఆపి తలుపు మూయాలి. రోలీఫ్లెక్స్ ఆటోమాట్‌లో మాత్రం గుర్తుల పని లేదు. కాగితాన్ని అడుగునున్న రెండు రోలర్ల మధ్యగా పోనివ్వాలి, అవి ఫిల్ము మందాన్ని పసిగట్టి లెక్క మొదలుపెడతాయి. రోలరు పైనుంచి పోనిచ్చారంటే అంకె కదలదు, రీలంతా ఒక్క బొమ్మ లేకుండా చుట్టుకుపోతుంది. వెనక ఎర్ర కిటికీ ఉన్న కెమెరాలలో దాని మూతను ఫిల్ము తిప్పుతూ అంకె చూసేటప్పుడు మాత్రమే, అదీ మీ నీడలో తెరవాలి. రీలు ఎక్కించడం, దించడం ఎప్పుడూ నీడలోనే జరగాలి. సఖినేటిపల్లి రేవులో పంటు మీద నిలబడి చేయవలసి వస్తే ఎండకు వీపు పెట్టి నిలబడండి. రీలు అయిపోగానే చివరి కాగితాన్ని బిగుతుగా చుట్టి, జిగురు పట్టీని తడిపి అంటించండి. వదులుగా ఉబ్బిన రీలుకు అంచుల నుంచి వెలుగు సోకి, నెగెటివ్ పక్కలు నల్లబడతాయి.

ఫ్రిజ్‌లో దాచిన రీలును తీసిన వెంటనే కవరు చింపవద్దు. మన గాలిలో చల్లని ఫిల్ము మీద నిమిషంలో చెమ్మ పడుతుంది, అది ఆరేసరికి కాగితం మీది అంకెలు, చుక్కలు ఫిల్ముకు దిగిపోతాయి. రెండు గంటలు బయట ఉంచి తెరవండి. ఏసీ కారులోంచి కెమెరాతో దిగేటప్పుడు కూడా అది సంచిలోనే ఉండి అరగంట గడవనివ్వండి. తీసిన రీలును స్కూటరు డిక్కీలో మరచిపోవడం మన ఎండకు అన్నిటికన్నా పెద్ద నష్టం. బొమ్మ పడ్డాక ఫిల్ము వేడిని, తేమను ఇంకా తక్కువ ఓర్చుకుంటుంది, అందుకే వీలైనంత త్వరగా కడిగించాలి.

వానలకు దాచే చోటు గురించి. తోలు సంచి తేమను పీల్చి పట్టుకుంటుంది, బూజుకు అదే పుట్టిల్లు. కెమెరాను అందులోంచి తీసి, సంచిని వేరే గదిలో ఉంచండి. రబ్బరు అంచున్న ప్లాస్టిక్ డబ్బాలో కెమెరా, తేమను కొలిచే ఒక చిన్న హైగ్రోమీటరు, సిలికా జెల్ పెట్టండి. లోపలి తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూడండి. 60 దాటి అలాగే ఉంటే బూజుకు ఆహ్వానమే. నీలం సిలికా జెల్ గులాబీ రంగుకు మారితే, నారింజ రంగుది ఆకుపచ్చగా మారితే, వేడిచేసి మళ్ళీ వాడుకోవచ్చు. నీలం రకంలో కోబాల్టు లవణం ఉంటుంది కనుక నారింజ రకమే మేలు, ఏదైనా సరే వంట పాత్రలో మాత్రం వేడి చేయకూడదు. బియ్యం పనికిరావు, దాని పిండి కెమెరాలోకి పోతుంది. నాఫ్తలీన్ ఉండలు అసలు వద్దు, ఆ ఆవిరి ఫిల్ముకూ లెన్సుకూ హాని. వారానికోసారి, వాన వెలిసిన రోజున, కెమెరాను బయటికి తీసి షట్టరును ప్రతి వేగంలో రెండు మూడు సార్లు నొక్కి, లెన్సుకు కాసేపు వెలుగు తగలనిచ్చి తిరిగి పెట్టండి.

లంక గ్రామాలవారు వరద సంగతి కూడా లెక్కలో పెట్టుకోవాలి. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 10 లక్షల క్యూసెక్కులకు, రెండవది 13 లక్షలకు, మూడవది 17 లక్షలకు ఇస్తారు. మొదటిది విన్నప్పుడే కెమెరా డబ్బానూ నెగెటివ్‌లనూ అటక మీదికి ఎక్కించండి. రెండవది వచ్చాక మనుషుల, పశువుల పనే సరిపోతుంది, డబ్బా సంగతి ఎవరికీ గుర్తుండదు.

నలుపు తెలుపు రీలును ఇంట్లోనే కడగదలచినవారికి మన నీళ్ళే పరీక్ష. ఫిల్ము మీది బొమ్మను తేల్చే మందు అయిన డెవలపరుకు 20 డిగ్రీల సెల్సియస్ ప్రమాణం. మే నెలలో మన కుళాయి నీరు 30 దాటి ఉంటుంది. సీసాను ఐసు ముక్కలున్న బేసిన్‌లో దించి చల్లబరచండి, కానీ ఐసును మందులో వేయకండి. డెవలపరు, తేలిన బొమ్మను నిలిపే ఫిక్సరు, కడిగే నీరు మూడూ ఇంచుమించు ఒకే వేడిమిలో ఉండాలి. చల్లటి మందులోంచి తీసిన ఫిల్మును ఒక్కసారిగా వేడి నీటిలో ముంచితే పూత ముడతలు పడుతుంది. సముద్రం వైపు ఊళ్ళలో బోరు నీరు ఉప్పన కనుక, చివరి కడుగుకు బ్యాటరీ దుకాణంలో అమ్మే డిస్టిల్డ్ వాటరు ఒక లీటరు వాడండి, లేకపోతే తెల్లని మరకలు ఆరిపోయి మిగులుతాయి. ఫ్యాను కింద దుమ్ము లేస్తుంది. తలుపులు మూసిన స్నానాల గదిలో, కింద బరువుకు ఒక క్లిప్పు తగిలించి వేలాడదీసి, వానరోజున రాత్రంతా వదిలేయండి. పూత వేలికి అంటనంత ఆరాక, పన్నెండు బొమ్మలను మూడేసి చొప్పున నాలుగు ముక్కలుగా కత్తిరించి, తొడుగుల్లో పెట్టి, కెమెరా పక్కన అదే పొడి డబ్బాలో ఉంచండి.